నాలుగో పంటిగాటు

కొల్లేటి గట్టు దిగువన నూకరత్నం పశువుల పాకలో ముసలి ఎద్దు, వాగుడుకాయ కోడిపెట్ట, పెంపుడు బాతు కలిసి ఉండేవి. పాక వెనక మనిషెత్తు తుంగ. చలికాలంలో పొద్దు వాలుతుండగానే ఆ తుంగలోంచి మంచు లేచి పాకని చుట్టేసేది.

ఆ మంచులోంచే ఒక సాయంత్రం బాతు ఎడమ రెక్క ఈడ్చుకుంటూ వచ్చింది. వెనకనుంచి ఏదో కరిచిందట. విదిలించుకుని నీళ్లలోకి దూకి బతికింది గాని, కరిచిందేదో చూడలేదు.

నూకరత్నం దాన్ని ఒళ్లో పెట్టుకుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కనబడిన మూడు గాట్లూ కడిగింది. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసి, ఎండుగడ్డి పరిచిన గంపలో కూర్చోబెట్టింది.

"మానేదాకా చెరువు మాటెత్తావంటే ఊరుకోను," అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

మర్నాడు సందెవేళ తాటాకు గోడ అవతలనుంచి మెత్తటి గొంతు వినబడింది. "చెల్లీ, రెక్క ఎలా ఉంది?"

అడుగుల చప్పుడు లేదు. తుంగ కదల్లేదు.

"ఎవరది?" అంది బాతు.

"నీ మేలు కోరేదాన్ని. వైద్యం తెలిసినదాన్ని. పసుపు మండుతోంది కదూ? గట్టు దాకా నడిచి రా. చల్లటి బురద పూస్తాను."

కోడిపెట్ట బాతు పక్కకి జరిగి గుసగుసగా చెప్పింది. "నిరుడు మీ పెద్దక్కకీ ఇలాగే దెబ్బ తగిలింది వదినా. మానుతోందనే అనుకున్నాం. ఒక సాయంత్రం లేచి, తనంతట తనే మంచులోకి నడిచి వెళ్లిపోయింది. అరవనైనా లేదు."

"తర్వాత?"

"ఈకైనా దొరకలేదు."

గొంతు రోజూ వచ్చేది. పైకి గాట్లు ఆరుతున్నాయి గాని బాతు ఒళ్లు మాత్రం కాలిపోతోంది. జ్వరంలో ఆ పిలుపు చెరువు నీళ్లంత చల్లగా తోచేది. ఒకసారి తెలివొచ్చేసరికి తను గంపలో లేదు, తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలీదు. ఎద్దు మూతి అడ్డంపెట్టి దాన్ని వెనక్కి తోసింది.

"మామా, నా కాళ్లు నా మాట వినడం లేదు," అంది బాతు వణుకుతూ.

"పిలవని పేరంటానికి వచ్చినవాళ్లని ఒక మాట అడగాలమ్మా," అంది ఎద్దు. "గాట్లు ఎన్నో, ఎక్కడెక్కడ పడ్డాయో చెప్పమను. అసలైన వైద్యుడైతే చూడందే చెప్పలేనంటాడు."

మర్నాటి సందెవేళ బాతు అలాగే అడిగింది. గోడవతల చిన్న నవ్వు.

"అదెంత పని? ఎడమ రెక్కకి నాలుగు గాట్లు. మూడు పైనే ఉన్నాయి. నాలుగోది చంకలో, నూగు కింద. నిన్ను పెంచే అమ్మ కంటికి ఆనదు. లోలోపలే కుళ్లుతుంది. అందుకే నాతో వచ్చెయ్యమంటున్నాను."

కోడిపెట్ట తల రెక్కల్లో దూర్చేసుకుంది.

"అమ్మ కడిగింది మూడే," అంది బాతు నెమ్మదిగా.

"నాలుగోది కరిచినవాళ్లకే తెలుస్తుంది," అంది ఎద్దు.

పొద్దున్నే నూకరత్నం తలుపు తీసేసరికి బాతు రెక్క ఎత్తి, చంకలో నూగు తన ముక్కుతోనే పీక్కుంటోంది.

"ఏమే, మతిపోయిందా?" అంటూ వంగి చూసిన నూకరత్నం అలాగే కూర్చుండిపోయింది. చీము నొక్కి తీసింది. ఉప్పునీళ్లు పోసింది, పసుపు పెట్టింది. రోజూ అదే పని చేసింది. జ్వరం దిగింది.

గొంతు మళ్లీ వచ్చింది. "చెల్లీ, ఇవాళైనా వస్తావా?"

బాతు ఎద్దు వైపు చూసి, నీరసం నటిస్తూ అంది. "కాళ్లు లేవడం లేదక్కా. గోడ కింద సందుంది. నువ్వే వచ్చి తీసుకుపో."

సందులోంచి ముందు ఒక పంజా వచ్చింది. దాని వెనక పచ్చటి కళ్లతో బావురుపిల్లి తల. ఎద్దు తాపీగా గిట్ట ఎత్తి ఆ పంజా మీద పెట్టింది.

అప్పుడు వినబడిన అరుపులో అక్క గొంతు లేదు. బావురుపిల్లి పెనుగులాడి, నలిగిన కాలు లాక్కుని మంచులో కలిసిపోయింది.

"నోరా వీపుకు తేకే అని ఊరికే అన్నారా," అంటూ ఎద్దు నెమరు మొదలెట్టింది.

తర్వాత కొన్నాళ్లు సందెవేళ తుంగలోంచి మూలుగు వినబడేది. "ఎవరైనా ఒక్కసారి నా కాలు చూడరూ..." గొంతు మళ్లీ మెత్తబడింది.

"జాలేస్తోంది వదినా," అంది కోడిపెట్ట.

"నాకూ వేస్తోంది," అంది బాతు గంపలో ఇంకాస్త లోపలికి ఒదుగుతూ. "అందుకే తలుపు దగ్గరికి వెళ్లను."

దెబ్బ చూడకుండానే దాని లోతు చెప్పేవాడి ఓదార్పుకి దూరంగా ఉండాలి.