పెంటమ్మ పీకిన ఈక

అనగా అనగా, మీ ముత్తాతకి ముత్తాత ఇంకా పాకుతున్న రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో పెంటమ్మని ఒక కోళ్ళ ముసలిది. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోదైనా దక్కాలని వాళ్ళమ్మ ఆ పిల్లని పెంటకుప్ప మీద దొర్లించి, ముక్కు కుట్టించి, పెంటి అని పేరు పెట్టింది. ఎందుకంటారా? చావుకి చక్కనివే కావాలి. వంకున్నదాని జోలికి రాదు. అలా బతికి బట్టకట్టింది పెంటమ్మ.

ఆ ఊరి దొరకి కోళ్ళ పిచ్చి. పందేల పిచ్చి కాదు, అందం పిచ్చి. ఏటా నూర్పులయ్యాక కోట వాకిట్లో పుంజులన్నిటినీ నిలబెట్టి అందం చూసేవారు. చూసేది పెంటమ్మే. ముక్కు చిలక ముక్కులా వంగాలి. కాలి మీద పొలుసులు పేర్చినట్టు వరసగా ఉండాలి. తోక నేలని తాకాలి గానీ ఊడవకూడదు. పెంటమ్మ పుంజుని చంకలో పెట్టుకుని, తడిమి తడిమి, అప్పుడు చెప్పేది.

"ముక్కు బాగుంది. కాలు బాగుంది. తోక బాగుంది. వంకొకటుంది. ఇంటికి తీసుకుపో."

గెలిచిన పుంజుకీ అదే మాట, ఓడిన పుంజుకీ అదే మాట. ఒకదానికి రెక్కలో తెల్ల ఈక. ఒకదానికి వంకర గోరు. ఏమీ దొరక్కపోతే, "దీని చూపు పొగరుగా ఉంది" అనేది. పెంటమ్మ సూర్యుడికైనా వంక పెడుతుందని జనం నవ్వుకునేవారు.

దొర మాత్రం నవ్వలేదు. ఒక ఏడు ఆయన పుంజుకే వంక పెట్టింది మరి, అదీ పై ఊళ్ళ దొరలందరి ముందు.

"పెంటీ, వంక లేని పుంజు కావాలి నాకు. మూడేళ్ళు గడువిస్తున్నా. తేలేకపోయావో, ఊళ్ళో వంకున్న ప్రతి కోడీ కత్తికి పోతుంది. ముందు నీ పెరట్లోవే."

"వంక లేనిది ఉండకూడదు బాబూ."

"ఉండాలి. నేనడుగుతున్నాను."

పెంటమ్మకి ఉన్నదల్లా ఆ కోళ్ళూ, కూతురు అప్పలనరసా, అల్లుడూ. కోళ్ళు పోతే ముగ్గురికీ గంజి కూడా ఉండదు. ఏం చేస్తుంది పాపం, చేతిలో పనే కదా, మొదలెట్టింది.

మంచి ముక్కున్న పుంజుని తెచ్చింది. మంచి కాలున్న పెట్టతో జత కట్టించింది. మొదటి ఏడు ముక్కు కుదిరింది, తోక చెడింది. రెండో ఏడు తోక కుదిరింది, కాలు చెడింది. మూడో ఏడు గుడ్లని ఒక్కొక్కటీ ఎండకి పట్టి చూసి, నచ్చినవే పొదగేసింది. ఇరవై ఒక్క రోజులకి ఒక్కటంటే ఒక్క పిల్ల బయటికొచ్చింది. దాన్ని చోళ్ళూ నూకలూ పెట్టి పెంచింది. దానికి తోక దిగేసరికి అప్పలనరస ఒళ్ళో ఆడపిల్ల కూడా వచ్చింది. ఆ ఏడే మొగుడు పోయాడు, పోయేనాటికి కడుపులో పడ్డ నలుసు అది. ఆ ఇంటికున్న దీపం అదొక్కటే.

ఒక తెల్లవారుజామున పెంటమ్మ పుంజుని చంకలో పెట్టుకుంది. ముక్కు తడిమింది. కాలు తడిమింది. తోక తడిమింది. వంక కోసం వెతికింది. కళ్ళు మూసుకుని మళ్ళీ వెతికింది. లేదు. బతుకంతా కోళ్ళ వెనకే తిరిగిన మనిషి, ఇలాంటిది చేతికి తగలడం అదే మొదలు. గుండె పొంగిపోయింది. పక్కనున్న కూతురితో అనకూడని మాట నోరు జారింది.

"అమ్మీ, దీనికి వంక లేదే."

కూయడానికి మెడ చాచిన పుంజు ముక్కు మూసేసింది. దాని కాళ్ళు పెంటమ్మ అరచేతిలో చల్లబడ్డాయి. మంచు తగిలిందేమో అనుకుంది వెర్రి ముసలిది.

ఆ పొద్దున ఊళ్ళో ఏ పుంజూ కూయలేదు. మెడలు చాచాయి, నోళ్ళు తెరిచాయి, చప్పుడు రాలేదు. కబురు తెలిసి దొర మనుషులొచ్చి వంకలేని పుంజుని కోటకి పట్టుకుపోయారు. దాని ఈక ఊడబెరికినవాడి చెయ్యి నరికిస్తానని దొర చాటింపు వేయించాడు.

రెండో రోజు కుక్క మొరగలేదు, ఆవు అరవలేదు. పుంజు కోట గోడ మీద నిలబడింది. గింజ ముట్టలేదు, నీళ్ళు ముట్టలేదు, రెప్ప వేయలేదు. మెడ తిప్పి ఒక ఇల్లు చూసింది. మెడ తిప్పి పక్క ఇల్లు చూసింది. అలా ఊరంతా చూసింది.

మూడో రోజు పసిపిల్లలు ఏడవలేదు.

ఏ ఇంట్లోనూ ఏడవలేదు. ఆకలికి ఏడవలేదు, తడికి ఏడవలేదు. కళ్ళు తెరిచి ఇంటి కప్పుకేసి చూస్తూ పడుకున్నారు. అప్పలనరస రొమ్మందిస్తే పిల్ల నోరు తెరవలేదు. బుగ్గన మసి చుక్క పెడితే నిలవలేదు, జారిపోయింది.

"అమ్మా, దీని కాళ్ళు ముట్టుకోవే" అంది అప్పలనరస.

పెంటమ్మ ముట్టుకుంది. ఆ చలి ఆమెకి తెలిసిన చలే. కూలబడిపోయింది. "వంక లేదన్నాను. నా నోటితో నేనే చావుని పిలిచాను" అని తల బాదుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ రోజే కోటలో పుంజుని చూసి చెప్పాల్సిన పరీక్ష.

వాకిలి నిండా జనం. ఆడవాళ్ళ చంకల్లో చప్పుడు లేని పిల్లలు. దొర కోడలి చంకలోనూ ఒకడు, దొర మనవడు. దొరకి అవేమీ పట్టలేదు. ఆయన చూపంతా పుంజు మీదే.

"చెప్పు పెంటీ. అందరికీ వినబడేలా చెప్పు."

ఇంట్లో కూతురితో గుసగుసగా అన్న మాటకే ఇంత జరిగింది. ఇంతమంది ముందు గట్టిగా అంటే ఏమవుతుందో పెంటమ్మకి తెలుసు. పుంజుని చంకలో పెట్టుకుంది. దాని రొమ్ములో గుండె కొట్టుకోవడం లేదు.

"ముక్కు బాగుంది" అంది. "కాలు బాగుంది" అంది. "తోక బాగుంది" అంది.

దొర ముందుకి వంగాడు. పుంజు మెడ తిప్పి పెంటమ్మని చూసింది. ఊరంతా చూసిన ఆ కళ్ళు ఆమె ముక్కు మీది కుట్టు దగ్గర ఆగి, పక్కకి తప్పుకున్నాయి. అప్పుడర్థమైంది ముసలిదానికి. ఇన్నేళ్ళూ తనని కాచింది ఏమిటో, దాన్ని ఇప్పుడు ఎవరికివ్వాలో. ఆమెకి భయం వేసింది. కూతురి వైపు ఒకసారి చూసింది.

పుంజు చెవి దగ్గర వంగి మెల్లగా అంది. "నా వంక నువ్వు తీసుకో. ఇక నీ పేరే పెంటి. పెంటి, పెంటి, పెంటి."

అని తోకలో పొడుగాటి ఈక పట్టుకుని పీకేసింది.

ఈక మొదట్లో నెత్తురు చుక్క కనబడింది. పుంజు ఒళ్ళు విదిలించుకుని కూసింది. ఆ కూతతో ఊళ్ళో పిల్లలందరూ ఒక్కసారే ఏడుపందుకున్నారు. ఆ ఏడుపు విని తల్లులూ ఏడ్చారు. అప్పలనరస పిల్ల కాళ్ళు పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి.

"అమ్మా, చూడవే" అని వెనక్కి తిరిగింది.

పెంటమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పుంజు, పిడికిట్లో ఈక. ముఖం పెళ్ళికూతురిలా చక్కగా ఉందట. ముక్కు మీద కుట్టు ఎక్కడా కనబడలేదట. కాళ్ళు మాత్రం చల్లబడిపోయాయి.

చెయ్యి నరకమని దొర అనలేదు. మనవడి ఏడుపు ఆయనా విన్నాడు. ఆ పిడికిలి తెరవడం ఎవరి తరమూ కాలేదు, ఈకతోనే మట్టి చేశారు. ఊళ్ళో ఒక్క కోడినీ కొయ్యలేదు.

ఆ పుంజు సంతతిలో పుట్టిన ప్రతి పుంజుకీ తోకలో ఒక ఈక పొట్టిగానే ఉంటుందంటారు. ఆ వైపు ఇప్పటికీ కోళ్ళ అందం చూసే చోట, ఎంత గొప్ప పుంజైనా సరే, వంక లేదని ఎవరూ అనరు. ముందు కాళ్ళు పట్టి చూస్తారు. వెతికి వెతికి వంక దొరక్కపోతే తోకలో ఒక ఈక పీకి, "వంకొకటుంది, ఇంటికి తీసుకుపో" అంటారు. దాన్ని పెంటమ్మ ఈకంటారు. పిల్ల బాగుందని ఎవరైనా అంటే తల్లులు "ఏదో వంకుందిలెండి" అంటూనే దాని అరికాలు తడిమి చూస్తారు, వెచ్చగా ఉందా అని.

కథ గంప కింద దూరింది. ఇక మీరు లేవచ్చు. అందరూ ఇంత చక్కగా, చప్పుడు లేకుండా కూర్చున్నారు. ముందు ఆ అరికాళ్ళు ఇలా చాపండి, ఒకసారి చూస్తాను.