గోడ అవతలి ఈరమ్మ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, మా ముత్తవ్వకే తెలియదు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒకే గోడకి ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. ఇటు కుమ్మరి ఎల్లయ్య, అటు మగ్గం నేసే సూరయ్య.

ఎల్లయ్య ఇంట్లో నోటికి తీరికుండదు. మట్టి తొక్కుతూ పాట, సారె తిప్పుతూ పాట, అన్నం ముందు కూర్చున్నా పాటే. సూరయ్య ఇంట్లో మాటలు పొదుపు. పెరట్లో పడుగు నూలు సాగదీసి పోగులు లెక్కపెడుతున్నారా, ఇక ఆకాశం విరిగి పడ్డా నోరు విప్పరు. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి మరి.

ఎల్లయ్య తల్లి ఈరమ్మ. సారె తిప్పే ఓపిక పోయింది గానీ పాడే ఓపిక పోలేదు. మధ్యాహ్నం గోడ పక్కన చాప వేసుకుని, అవతలి మగ్గం చప్పుడు వింటూ కునుకు తీసేది. ఆ చప్పుడుకి కలలో ఏరు తెల్లటి నూలై పారేది. ఆమె దాని మీద నడిచిపోయేది.

ఒకరోజు ఎల్లయ్య కాల్చడానికి ఆవంలో పచ్చికుండలు పేర్చి గోడ మీదుగా కేకేశాడు.

"సూరన్నా, ఆవం ముట్టించమంటావా?"

అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. వద్దనుకుంటే వద్దనేవాడుగా అనుకుని ముట్టించాడు. పొగ గోడ దాటింది. తెల్లటి పడుగంతా మసి.

రెండోసారీ అడిగాడు, పలకలేదు, ముట్టించాడు. మూడోసారీ అడిగాడు, పలకలేదు, ముట్టించాడు.

మూడోసారి సూరయ్య మగ్గం విప్పడం మొదలుపెట్టాడు. వేరే ఊరు వెళ్ళిపోదామని పెళ్ళాంతో అన్నది గోడ ఇవతలికి వినిపించింది. ఆ మధ్యాహ్నం ఈరమ్మకి కునుకు పట్టలేదు.

"మూడుసార్లు అడిగానమ్మా. పలకనిది వాళ్ళు," అన్నాడు ఎల్లయ్య.

ఈరమ్మ కర్ర పట్టుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి అవతలి పెరట్లోకి వెళ్ళింది. సూరయ్య పెళ్ళాం కనకం, పాడైన పోగులు ఎన్నున్నాయో లెక్కపెడుతోంది. ఈరమ్మ పిలిచింది, పలకలేదు. మళ్ళీ పిలిచింది, పలకలేదు. మూడోసారి పిలవకుండా గడప మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఈరమ్మ అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు. ఎండ గడప ఎక్కి దిగిపోయింది.

లెక్క అయ్యాక కనకం తలెత్తింది. "లెక్కలో ఉంటే పలకం అత్తా. ఏమనుకోకు."

అప్పుడు అర్థమైంది ఈరమ్మకి. పడుగు బయటున్నప్పుడే వీళ్ళు పలకరు. పలకనప్పుడే తన కొడుకు నిప్పు పెడతాడు.

"తప్పు మాదేనే తల్లీ," అంది. "ఇకమీదట ఆవం రోజున నేనే వచ్చి చూసిపోతా. మీరు నోరు విప్పక్కర్లేదు. ఊరొదిలి మాత్రం పోకండి. మీ మగ్గం ఆగితే నేను బతకలేను."

సూరయ్య విప్పిన మగ్గం మళ్ళీ బిగించాడు.

అప్పట్నుంచి ఎన్నిసార్లు ఆవం కాలిందో, ఎన్ని పడుగులు సాగాయో. పొగమంచులో ఈరమ్మ వచ్చేది. మంచు ఏదో, నూలు ఏదో తెలియని ఆ తెలుపు పక్కన పాట దిగమింగుకుని కూర్చునేది. పడుగు లోపలికి వెళ్ళాక ఇంటికొచ్చి, "ముట్టించరా," అనేది.

ఒక చలికాలం పొద్దున ఈరమ్మ చాప మీంచి లేవలేదు. అటు మగ్గం ఆడుతూనే ఉంది.

నెల తిరిగింది. ఆవం సిద్ధమైంది, వాన మబ్బు కమ్ముకొస్తోంది. చూసొచ్చే మనిషి లేదు. ఎల్లయ్య కొరివి చేతపట్టుకుని, పాత అలవాటుకొద్దీ గోడ మీదుగా కేకేశాడు.

"సూరన్నా, ముట్టించమంటావా?"

పలుకు లేదు. ఎల్లయ్య వంగాడు.

"ఆగు ఎల్లన్నా," అని సూరయ్య గొంతు వినిపించింది అవతల్నుంచి. "పడుగు బయటుంది. లోపల పెట్టి చెప్తా."

పోగుల లెక్కలో ఉండగా ఆ ఇంట్లో నోరు విప్పడం అదే మొదలు. లెక్క తప్పింది. కొరివి పట్టుకుని నిలబడి ఎల్లయ్య ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊరి మగ్గాల వీధిలో, ఎంత పనిలో ఉన్నా గోడ అవతలి పిలుపుకి పలుకుతారు. పలికి లెక్క తప్పినవాళ్ళని ఎవరూ కసురుకోరు. "ఈరమ్మ పిలిచిందిలే," అంటారు. అని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు.