బండలో ఐదు వేళ్ళు

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒక ఎండిన ఊళ్ళో, తిప్పక్క అనే రాళ్ళు కొట్టే మనిషి ఉండేది. ఆమెకి ఉన్నదల్లా ఒక సుత్తి, ఒక ఉలి, ఎవరికీ తగ్గని నోరు.

ఊరికి నీళ్ళు లేవు. తిప్పక్క తన వాళ్ళతో కలిసి మూడు వేసవులు బావి తవ్వింది. మన్ను పోయింది, మొరం పోయింది, నల్లబండ తగిలింది. దాన్నీ ఉలితో చెక్కుకుంటూ దిగింది. ఒకనాడు బండకి చెవి ఆనించి, "ఇంకో జానెడే. కింద నీళ్ళు కదులుతున్నాయి" అంది.

ఊరిపెద్ద బసవప్ప గట్టు మీద నుంచి వంగి చూశాడు. "మంచిది తిప్పక్కా. నీళ్ళు పడినాక మాత్రం మీ వాళ్ళ కడవ ఇందులో మునగకూడదు. రెండు కోసుల అవతల చెలమ ఉంది కదా, మీకది చాలు."

తిప్పక్క ఉలి నడుములో దోపుకుని పైకెక్కింది. "అట్లయితే ఆ జానెడూ నువ్వే కొట్టుకో పెద్దాయనా."

మొదటి రోజు బసవప్ప ఒక వస్తాదును దింపాడు. ఉలి మొద్దుబారింది, బండ కదల్లేదు. రెండో రోజు ఇద్దరిని దింపాడు. ఉలి మొద్దుబారింది, బండ కదల్లేదు. మూడో రోజు తనే దిగాడు. ఉలి విరిగింది, బండ కదల్లేదు.

"రాయికి వాటం ఉంటాది. అడ్డం కొడితే అదీ ఎదురు తిరుగుతాది" అంది తిప్పక్క గట్టు మీద శనగలు నములుతూ.

ఊరి ఆడవాళ్ళు ఖాళీ కడవలతో వచ్చి నిలబడ్డారు. "నీ పంతం కడవలో పోసుకుని తాగమంటావా మామా?" అని ఒకామె అడిగేసింది.

బసవప్ప దిగొచ్చాడు. "సరే, మీరూ తోడుకోండి. మొదటి కడవే మీది. మాటిస్తున్నా."

"నోటి మాట ఎండకి ఆరిపోతాది. చెయ్యి ఈ గట్టు బండ మీద పెట్టు."

పెట్టాడు. తిప్పక్క ఆ చేతి చుట్టూ, వేలికీ వేలికీ నడుమ ఉలి ఆడించింది. రాతిపొడి లేచింది. బసవప్ప చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"కదలొద్దు. ఉలికి పెద్దరికం తెలీదు."

ఐదు వేళ్ళ అచ్చూ బండలో పడ్డాకే బావిలోకి దిగింది. వాటం చూసి కొట్టింది. ఒక దెబ్బకి బండ చిట్లింది. రెండో దెబ్బకి చెమ్మ తేలింది. మూడో దెబ్బకి నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా లేచాయి.

తిప్పక్క పోయి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. ఆ చుట్టుపక్కల మాత్రం ఇప్పటికీ కొత్త బావిలో మొదటి కడవ తవ్వినవాళ్ళదే. వాళ్ళు తాగేదాకా ఊరిపెద్దలు నిలబడే ఉంటారు. ఎవరైనా తియ్యగా మాటిస్తే ముసలమ్మలు అడుగుతారు:

"ఇచ్చావులే గానీ, ఇదే మాట తిప్పక్క ఉలి ముందు చెయ్యి పెట్టి చెప్పగలవా?"