కట్టని మేడ నీడ

సింగరాయపట్నం బస్టాండులో దిగి "ఎండలమ్మ గుడి ఎక్కడ?" అని అడిగితే ఆటోవాళ్లు నవ్వుతారు. కోపం తెచ్చుకోకండి. ఇక్కడ గుడి లేదు గనుక నవ్వుతారు. "ఎండలమ్మ వాకిలి" అనండి, తిన్నగా తెచ్చి దింపుతారు.

చుట్టూ పొట్టి పొట్టి ఇళ్లు, మధ్యన పెద్ద ఇసుక వాకిలి. ఆ వాకిట్లో పసుపు పూసిన గుండ్రని రాయే మా అమ్మవారు. పైన కప్పు లేదు, గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ముందు ఒక ఇనుప దీపస్తంభం ఉంటుంది. చుట్టూ అద్దకం దుప్పట్లు ఆరుతుంటాయి. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చి దండం పెట్టుకోవాలి. తొక్కితే అమ్మ క్షమిస్తుందేమో గానీ, మా ఆడవాళ్లు క్షమించరు.

వచ్చినవారల్లా అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇదేం చోద్యమండీ, అమ్మవారిని ఎర్రటి ఎండలో ఇలా వదిలేశారు! ఇంతమంది ఉన్నారు, ఒక్క గుడి కట్టడానికి మీకు చేతులు రాలేదా?" అందరికీ చెప్పి చెప్పి మా నోళ్లు ఎండిపోతున్నాయి. అందుకని మా ఎండలమ్మపేట నివాసుల సంఘం తరఫున ఈ కథను అచ్చు వేయిస్తున్నాం. చెప్పులు అరుగు కింద విడిచి, స్థిమితంగా కూర్చుని చదువుకోండి.

పూర్వం ఇక్కడ ఇళ్లు లేవు. కాలువ గట్టున ఇసుక మేట మాత్రమే ఉండేది. అద్దకం పనివారు గుడ్డలను రంగులో ఉడికించి, కాలువలో జాడించి, ఈ ఇసుక మీద పరిచేవారు. అద్దకానికి రంగు ఎంతో, ఎండ కూడా అంతే. ఎండ తగలని ఎరుపు నిలవదు, తడి ఆరని గుడ్డకు బూజు పడుతుంది.

ఆ పనివారిలో బంగారక్క అనే ఇల్లాలు ఉండేది. ఒక ఏడాది దొరగారి ఇంట పెళ్లికి దుప్పట్లూ తెరలూ అద్ది ఇస్తామని ఆమె మాట ఇచ్చింది. పెళ్లి దగ్గరపడుతుండగా ముసురు పట్టింది. ఎన్నాళ్లు చూసినా మబ్బు విడవలేదు. గుడ్డలు ఆరకపోతే అద్దకంవారిని ఊరు వెళ్లగొడతామని దొరగారి మనుషులు చెప్పిపోయారు. బంగారక్క ఇసుకలో కూలబడి, "తల్లీ! ఏ తల్లివో నాకు తెలియదు. ఒక్క పూట ఎండ కాయించు, నా వాళ్లను నిలబెట్టు" అని గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి తలెత్తేసరికి, వానలో తడిసిన ఇసుకలో ఒక్కచోట మాత్రం పొడిగా కనిపించింది. చేత్తో తోడితే గుండ్రని రాయి తగిలింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన కుండలా వెచ్చగా ఉంది. ఆ రాయి చుట్టూ గుడ్డలు పరిచింది. ఊరంతా ముసురులో ఉండగా ఈ వాకిలి మీద మాత్రం మబ్బు విడి ఎండ కాసిందని మా పెద్దలు చెబుతారు. మాట దక్కింది, పెళ్లి జరిగింది.

ఆ మర్నాడు బంగారక్క కలలోకి చేతులకు అద్దకం ఎరుపు అంటిన ఒక పెద్దముత్తైదువ వచ్చి, "నేను ఎండలమ్మను. నాకు గుడి కట్టవద్దు. ఎండే నా గొడుగు. నా మీద నీడ పడితే మీ గుడ్డ ఆరదు" అని చెప్పింది.

బంగారక్క ఆ మాట అందరికీ చెప్పింది. కానీ దొరగారు సంతోషంలో ఉన్నారు. అమ్మవారికి రాతి మండపం కట్టిస్తానన్నారు. పెద్దలు మెచ్చి ఇస్తానంటే వద్దనే నోరు మనవాళ్లకు ఎక్కడిది? మండపం లేచింది. పద్మాలు చెక్కిన ఆ రాళ్ల నీడ వాకిలంతా పరుచుకుంది. ఆ రుతువులో ఆరవేసిన ప్రతి గుడ్డకూ బూజు పట్టింది. ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకు దిగింది. తాళలేక బంగారక్క గునపం తీసుకుని మొదటి రాయి తానే పెళ్లగించింది.

దొరగారు మండిపడుతూ వచ్చారు. బూజు పట్టిన గుడ్డలను చేత్తో తడిమి చూశారు. తరవాత ఉత్తరీయం నడుముకు బిగించి, "పట్టండర్రా" అని రెండో రాయికి తానూ చెయ్యి వేశారు. ఎంత దొడ్డ మనసు! ఆ రాళ్లను వాకిలి చుట్టూ ఇళ్లు కట్టుకున్నవారు తలా కొన్ని తీసుకుని అరుగులకు వేసుకున్నారు. అమ్మ మీద నీడ పడేటంత ఎత్తు ఇల్లు కట్టబోమని ఆనాడే ఒట్టు పెట్టుకున్నారు. ఎండలమ్మపేట అలా వెలిసింది.

ఇక్కడినుంచి మా కళ్లముందు జరిగిన కథ. దేవత కథలో మునిసిపాలిటీ ఏమిటని మూతి తిప్పకండి. ఆ మునిసిపాలిటీ కథ లేకపోతే ఈనాడు మీరు నిలబడ్డ చోట మెట్లూ లిఫ్టూ ఉండేవి.

కొన్నేళ్ల కిందట పట్టణానికి కొత్త ప్లాను తయారైంది. ఎక్కడ ఇళ్లుండాలి, ఎక్కడ దుకాణాలుండాలి అని రంగులు వేసిన పటాన్ని ఆఫీసు గోడకు తగిలించారు. చూస్తే మా వాకిలికి బజారు రంగు వేసి ఉంది! కొలతలకు వచ్చినవారికి గోడలు కనబడలేదు, కప్పు కనబడలేదు. ఖాళీ స్థలమనుకున్నారు. వారినని ఏం లాభం, కప్పు లేని గుడి ఉంటుందని ఎవరనుకుంటారు? అంతలోనే అయిదంతస్తుల కాంప్లెక్సు లేస్తుందని బజారంతా గుప్పుమంది. వాకిలి పోతే అమ్మ పోతుంది, అద్దకం పోతుంది. అద్దకం పోయాక ఈ పేటలో మిగిలేది ఏముంది?

అప్పటిదాకా మా సంఘం పనులంటే చవితి పందిరి వేయడం, కుళాయి దగ్గర తగవులు తీర్చడం. అలాంటి సంఘం నడుం కట్టింది. అధ్యక్షుడు బొడ్డు సత్యలింగం గారు. వారి ఇల్లు అమ్మవారికి దక్షిణాన, సరిగ్గా ఎదురుగా ఉంది. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "నా కంఠంలో ప్రాణం ఉండగా అమ్మ మీద నీడ పడనివ్వను" అని వీధి వీధీ తిరిగి మనుషులను కూడగట్టారు.

తెలిసిన ప్లీడరు ఒకాయన సులువు ఉపాయం చెప్పాడు. "రాళ్లూ కథలూ ఎవరు వింటారండీ? నాలుగు రేకులు వేసి గుడి అనిపించండి, ఎవరూ ముట్టుకోరు."

అమ్మకు రోజూ పసుపు పూసే తవిటమ్మ బంగారక్క వంశపు ఆడపడుచు. ఆ మాట వినగానే గయ్యిమంది. "ఎండ కోసం పోట్లాడుతూ అమ్మ నెత్తిన రేకు పెడతారా? ఆ పనికి కాంప్లెక్సువాడు చాలడూ, మీరు కూడా ఎందుకు?"

రేకుల మాట అక్కడితో ఆగింది. దుకాణాల రంగు తీసేయాలని, పేట మొత్తాన్ని పాతకాలపు కట్టడాల ప్రాంతంగా కాపాడాలని సంఘం అభ్యంతరం పెట్టింది. పుష్యమాసంలో ఒక ఆదివారం ప్లానింగు అధికారి గారు స్వయంగా చూడడానికి వచ్చారు. నెమ్మదైన ఆవిడ. "గుడి ఎక్కడుందండీ?" అని అడిగారు. తవిటమ్మ ఆమెను ఇంటింటి అరుగు దగ్గరకూ తీసుకెళ్లింది. సగం పద్మం ఒక ఇంటి అరుగులో ఉంది, తక్కిన సగం పక్కింటి అరుగులో ఉంది. "ఇదేనమ్మా గుడి. మేమే విప్పి పంచుకున్నాం" అంది. అధికారి గారు వంగి ఆ రాళ్లను చేత్తో తడిమారు. మా ప్రాణాలు లేచి వచ్చాయి.

లేచి నిలబడి ఆమె సత్యలింగం గారి డాబా వైపు చూశారు. పైకప్పు మీద స్తంభాల ఇనుప ఊచలు బారెడు బారెడు లేచి ఉన్నాయి.

"అయిదంతస్తులు వద్దంటున్నారు. మరి ఆ ఊచలు ఎందుకండీ?"

రోజూ కళ్లముందున్న ఊచలే. మా వాడే కదా అని మాకెవరికీ అవి కనబడలేదు. సత్యలింగం గారి ముఖం మాడిపోయింది. "మేడ వేద్దామనండీ. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, పిల్లలు. ఇల్లు చాలడం లేదు. ఒక్క అంతస్తే" అన్నారు.

"నియమం పెడితే అందరికీ ఒకటే ఉంటుంది. చుట్టూ ఉన్న ప్రతి ఇంటివారూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా నేనేమీ చేయలేను" అని అధికారి గారు మెల్లగా అన్నారు.

సత్యలింగం గారిని పల్లెత్తు మాట అనడానికి ఎవరికీ మనసు రాలేదు. తవిటమ్మ మాత్రం గుడ్డలు ఆరేసే పొడుగాటి వెదురు తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మేడ ఎంత ఎత్తనుకున్నావో డాబా మీద అంత ఎత్తున నిలబెట్టు, బాబూ. అమ్మనే అడుగుదాం."

ఆయన ఎక్కి నిలబెట్టారు. మిట్టమధ్యాహ్నం. వెదురు నీడ ఇల్లు దాటింది, ఇసుక మీదికి దిగింది, అమ్మ పాదాల మీద ఆగింది.

సత్యలింగం గారు పైనుంచి ఆ నీడనే చూస్తూ ఉండిపోయారు. కింద వారి భార్య కామాక్షమ్మ గారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, "దించెయ్యండి. ఇరుకైతే సర్దుకుందాం. అమ్మ ఎండ లాక్కుని మనం చల్లగా ఎలా పడుకుంటాం?" అన్నారు. ఆయన వెదురు దించారు. ఆ సాయంత్రానికే కటింగు మిషను తెప్పించి ఊచలు కోయించారు. నిప్పురవ్వలు ఎగురుతుంటే పేటంతా వాకిట్లో నిలబడి చూసింది. ఏడవనివారు లేరు.

ఆయన పెరటిని ఆనుకుని ఉన్న తమ దొడ్డిలో కొంత చోటును వెనకింటివారు ఆయనకు వదిలేశారు. "నువ్వు అమ్మకు ఎండ ఇచ్చావు, మేము నీకు నేల ఇవ్వలేమా?" అన్నారు. పేట మనుషులే తట్టలు మోసి అక్కడ రెండు గదులు లేపారు. ప్లానులో మా వాకిలి రంగు మారింది. చుట్టూ ఎత్తు కట్టకూడదని నియమం వచ్చింది. ఊరి మాటను మన్నించిన ఆ అధికారి గారిని, ఎక్కడున్నా, అమ్మ చల్లగా చూడాలి. కోసిన ఊచలే మీరు చూస్తున్న ఈ దీపస్తంభం.

ఈనాటికీ మా పేటలో కొత్త ఇల్లు కట్టాలన్నా, పాత ఇంటికి కప్పు మార్చాలన్నా ముందు వెదురు మొక్కు చెల్లించాలి. అనుకున్న ఎత్తుకు వెదురు నిలబెట్టి, నీడ అమ్మను తాకలేదని పదిమందీ చూశాకే ముగ్గు పోస్తారు. ఇలా మొక్కినవారి ఇల్లు మధ్యలో ఆగదని, ఇరుగుపొరుగుతో తగవు రాదని నమ్మకం. పొరుగూళ్లవారు కూడా ఇల్లు మొదలుపెట్టే ముందు ఇక్కడికి వచ్చి వెదురు ముట్టుకుని వెళుతున్నారు.

సత్యలింగం గారు ఇప్పుడు లేరు. ప్రతి ఏడూ పుష్యమాసపు మొదటి ఆదివారం మధ్యాహ్నం వారి డాబా మీద వెదురు నిలబెడతాం. నీడ మెల్లగా వచ్చి అమ్మ పాదాలు తాకుతుంది. అప్పుడు పేటంతా దండం పెడుతుంది.

"అమ్మకు నీడ గిట్టదంటారు కదా, మరి ఇదేమిటి?" అని నిరుడు ఒక యాత్రికురాలు తవిటమ్మను అడిగింది.

"కట్టిన మేడ నీడైతే గిట్టదమ్మా" అంది తవిటమ్మ. "ఇది మా సత్యలింగం కట్టకుండా వదిలేసిన మేడ నీడ. ఏడాదికొక్కసారి దీని కిందే మా తల్లి కాసేపు సేద తీరుతుంది."