చుక్కల వెనక తప్పు

మస్తానమ్మ దరఖాస్తు గడువులోగా వెళ్లలేదు; అందుకు కారణం, పట్నం గ్రంథాలయంలో కంప్యూటర్ గది చూసే హైమవతికి ఏం జరిగినా ముందు ఎదుటివాళ్లనే తప్పుపట్టే అలవాటు.

పని తెలియని మనిషి కాదు హైమవతి. విండోస్‌కు బదులు లినక్స్‌తో నడిచే ఆ గదిలోని మూడు కంప్యూటర్లకూ తెలుగు కీబోర్డు తనే అమర్చింది. రెండు మీటలు కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. రూపాయి గుర్తుకు కూడా ఒక మీట కేటాయించింది. అయితే ఏ మీట దేనికో ఎవరికీ చెప్పేది కాదు. "ఒక కాగితం మీద రాసి అంటించండి మేడమ్" అని అటెండర్ అంటే, "గోడలకు కాగితాలు అంటించడానికి ఇదేమైనా బస్టాండా?" అని కసిరింది.

ఒకరోజు సాయంత్రం నాలుగున్నరకు అంగన్‌వాడీ టీచర్ మస్తానమ్మ రొప్పుతూ వచ్చింది. సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో ముందే నింపి ఉంచింది. కావలసిన సర్టిఫికెట్ ఆ మధ్యాహ్నమే చేతికొచ్చింది. అది జతచేసి పంపడమే మిగిలింది. గడువు అయిదింటికి. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది.

హైమవతి మౌస్‌తోనే ఆ వెబ్‌సైటు తెరిచి కుర్చీ చూపించింది. మస్తానమ్మ కుడిపక్క అంకెల మీటలతో ఫోన్ నంబరు కొట్టి, తర్వాత పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద అక్షరాలకు బదులు చుక్కలు పడ్డాయి. తప్పు అని వచ్చింది.

"మేడమ్, మీటల్లో ఏదో తేడా ఉన్నట్టుంది. ఒక్కసారి చూస్తారా?"

"మీటలేం చేశాయమ్మా? వాటిని అమర్చింది నేను. మళ్లీ కొట్టండి."

మళ్లీ తప్పే.

"మా పిల్లల పేర్లే పెట్టుకున్నానండీ, మర్చిపోతానా?"

"మర్చిపోబట్టేగా ఇలా వచ్చింది! పాస్‌వర్డే గుర్తుండని వాళ్లకు సూపర్‌వైజర్ పోస్టు ఎందుకో!"

మూడోసారీ తప్పే. ఇక ఇరవై నాలుగు గంటల దాకా తెరుచుకోదని తెర చెప్పింది.

మస్తానమ్మ ఒక ఖాళీ పేజీ తెరిచి అవే మీటలు కొట్టింది. తలాతోకా లేని తెలుగు అక్షరాలు పడ్డాయి. పొద్దున అదే కంప్యూటర్లో హైమవతి తెలుగులో నోటీసు కొట్టి, ఇంగ్లీషుకు మార్చకుండా లేచి వెళ్లింది.

"ఇవేనా మేడమ్ నా పిల్లల పేర్లు?" మస్తానమ్మ గొంతు గదంతా మోగింది. "మీరు అమర్చిన మీటల తేడాకు నన్ను మతిలేనిదాన్ని చేశారు. చూడండి, చూడండి అని మొత్తుకుంటే కుర్చీలోంచి లేచారా? మా సెంటర్లో మూడేళ్ల పిల్ల ఏడిస్తే, కాల్లో ముల్లు గుచ్చుకుందేమోనని ముందు చూస్తాం. ముందే తిట్టం!"

హైమవతి ఆ వెబ్‌సైటు వాళ్లకు ఫోన్ చేసింది. అయిదింటి దాకా మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మూడు కంప్యూటర్ల పక్కనా పెద్ద అక్షరాలతో కాగితాలు వెలిశాయి. ఎవరు తప్పు వస్తోందన్నా, ఒక్క మాటైనా అనకముందు తనే ఆ కుర్చీలో కూర్చుని నాలుగు అక్షరాలు కొట్టి చూడాలని హైమవతి నిర్ణయించుకుంది. ఆరేళ్లయింది, ఒక్కరోజూ తప్పలేదు. మస్తానమ్మ మాత్రం మళ్లీ ఆ గది గడప తొక్కలేదు.

నీతి: ఎదుటివారిని తప్పుపట్టే ముందు మన చేతిపనిని సరిచూసుకోవాలి.