నక్క చదివిన ఉగాది పంచాంగం

నక్క మొకాన బొట్టు ఎక్కడిదంటవా? ఉగాది పొద్దుగాల సాయిలు పెండ్లాం కడప కడిగి పసుపునీళ్లు పారబోసింది గద, ఆ బురదల మొకం పెట్టింది నక్క. అంతే, పంతులయిపోయింది. వేషం కట్టనీకి ఎంతసేపు బిడ్డా.

సాయిలు ఎడ్ల కొట్టంల ఒక వాడుక ఉండె. ఉగాది నాడు ఇంటోళ్లు తినంగ మిగిలిన పచ్చడి కుడితి గోలెంల పడుతది. ఆ కుడితి మూతికి తాకినంక ఒక్కొక్కటి ఈ ఏడాది ఏం చేస్తదో పైకి చెప్పాలె. తన కోసమో, కొట్టం కోసమో, ఒక్క మాట. ఆ దినం నోరు దాటిన మాట ఏడంతా ఎంబడి తిరుగుతదని వాటి నమ్మకం. తప్పితే తల పగులుతదనే భయం.

మేక ముందుగాల చెప్పింది, ఇగ దండెం మీది చీరెలు నమలనని. ఎవ్వరు నమ్మలే. ఎనక చుక్కల కోడిపెట్ట వంతు. పోయినేడు పొదిగిన పిల్లలను కొన్ని గద్ద తన్నుకపోయింది, కొన్ని పాము మింగింది, ఒక్కటి మిగల్లే. ఇప్పుడు రెక్కల కింద మల్ల పిల్లలున్నయి, దూది పింజల లెక్క. "ఈసారి ఇవి బతకాలె, నాకింకేం వద్దు" అన్నది.

గప్పుడొచ్చింది నక్క, ఎనక దడి సందుల నుంచి. కుక్క లేచి మొరగబోయింది. పండుగ పూట పంచాంగం చదివేటోణ్ని చూసి మొరిగితే పాపం తమ్మీ అన్నది నక్క. కుక్కకు కర్రంటే భయం లేదు గని పాపమంటే భయం. కూసున్నది.

నక్క కండ్లు మూసి, కండ్లు తెరిచి, లెక్కలు కట్టింది. నీకు ఈ ఏడు ఆదాయం తక్కువ, అవమానం ఎక్కువ, అంత నీ నోటితోనే వచ్చిందని కుక్కకు చెప్పింది. నోరు మూసుకో, కొరకనీకి బొక్కలు నడిసొస్తయి. కుక్కకు మంచిగనిపించింది. గోలెంల మూతి పెట్టి, ఇగ మొరగనని పైకి చెప్పేసింది.

పెట్ట దిక్కు తిరిగింది. "పాత గంప కింద పాత దరిద్రమే ఉంటది చెల్లె. కొత్తేడు పిల్లలను తూర్పు మూలకు పండబెట్టు, గడ్డి కాడ. లచ్చిమి ఆ దిక్కు నుంచే వస్తది" అన్నది.

పిల్లలు పోయిన తల్లి గద. మంచి జరుగుతదంటే ఎవరి మాటయినా ఇంటది.

కొట్టంల ఇంకొకటుండె, ముసలెద్దు. దాని జోడెద్దు పోయిన కాన్నుంచి బండికి కట్టుడు బంద్ చేసిండ్రు. దినమంత కండ్లు మూసుకొని ఉంటది. మేత పెట్టినా ఎడమ దిక్కు కొంచెం వదిలిపెట్టి తింటది, పక్కదానికని. నక్క దాన్ని చూసి నవ్వింది. నీకు పంచాంగమెందుకు తాతా, నీకు ఏడాది లేదు, పూట లెక్కనే అన్నది. మేక కూడ కిసుక్కుమన్నది.

ఎద్దు కోపం చెయ్యలే. "అందరికి చెప్పినవు పంతులూ. మరి నువ్వేం అనుకున్నవు?" అనడిగింది.

నక్క పెదవులు నాకి, "నాకేమున్నది తాతా, ఈ కొట్టానికి కావలుంట" అన్నది. కుడితి తాకి చెప్పుమన్నది ఎద్దు. అందరు చూస్తున్నరాయె, నక్క మూతి ముంచి చెప్పింది.

మాపటియాల్ల ఊరోళ్లంత బండ్లు కట్టుకొని గుడి సుట్టు తిప్పనీకి పోతున్నరు. సాయిలు పెండ్లాం గంప పట్టుకొని కోడిపిల్లలను దాని కింద కమ్మనీకి వచ్చింది. బా బా అని పిలిచింది. పెట్ట గడ్డి మూలకు ముడుసుకొని పలకలే. ఆలస్యమైతున్నదని ఆమె గంప ఆడనే పెట్టి పోయింది. ఇల్లంత ఖాళీ.

గప్పుడు లేచింది ఎద్దు. మోకాళ్లు పటపటమన్నయి. గుట్ట ఒకటి నిద్ర లేచి నడిసినట్టు మెల్లగ తూర్పు మూలకొచ్చి, గడ్డికి అడ్డంగ పండుకున్నది. పిల్లలు పోయి దాని గంగడోలు మడతలల్ల దూరినయి. ఎద్దు ఊపిరి విడిస్తే గడ్డి అటు పోతున్నది, తీస్తే ఇటొస్తున్నది. పెట్ట నోరు తెరిచి చూస్తున్నది. ఏండ్లుగ ఒకే కొట్టంల ఉన్నా, అంత పెద్ద పాణాన్ని గంత దగ్గర నుంచి ఎన్నడు చూడలే.

నక్క వచ్చింది. ఈసారి పంతుల్లెక్క కాదు, నక్క లెక్కనే.

"తమ్మీ, మొరుగు" అని పెట్ట ఏడ్సింది. కుక్క కాలు ఎత్తి తన మూతి మీద పెట్టుకున్నది.

ఎద్దు నిద్రల ఉన్నదనుకొని నక్క గోడకూ దాని ఈపుకూ నడుమ దూరింది. తల పోయింది, ముందర కాళ్లు పోయినయి. ఎద్దు కొంచెం ఎనకకు ఒరిగింది. అంతే. నడుము చిక్కింది.

"తాతా, లే. బొక్కలిరుగుతున్నయి."

"కావలుంటనన్నవు గద. ఉండు."

"పండుగ పూట హింస చేస్తే ఏడంతా అదే చేస్తవు, పాపం."

"నేనేం చేస్తున్న బిడ్డా? పండుకున్న."

మేకకు నవ్వాగలే. నక్క తిట్టింది, మొక్కింది, పుట్టని పిల్లల మీద ఒట్టేసింది. ఎద్దు నెమరేసుకుంట ఉన్నది. బండ్ల గజ్జెలు ఇనబడ్డయి, నక్క అరుపులకు సాయిలు ముల్లుకర్ర పట్టుకొని ఉరికొచ్చిండు. నక్క తోలు గీసుకపోతున్నా గుంజుకొని, సగం తోక ఎంట్రుకలు గోడకు వదిలి, చేన్ల పడి ఏడ్సుకుంట పోయింది. మల్ల ఆ దిక్కు రాలే.

సాయిలు పెండ్లాం పిల్లలను తీసి గంపల ఎయ్యబోయింది. అవి ఎద్దు మెడ వదల్లే. ఆమె నోటి మీద చెయ్యేసుకొని, ఉండనీ అని పోయింది. ఎద్దు లేవలే. పెట్ట దాని కొమ్ము పక్కన కూసొని ఆ ఊపిరి ఇనుకుంట ఉన్నది.

నోటితోని అనుకున్నది గాలి, ఒంటితోని అనుకున్నది గోడ.

తెల్లారేసరికి ముసలెద్దుకు ఊపిరి లేదు.