గులకరాళ్ళ మీద అడుగులు

దస్తగిరికి ఒకటే దిగులు. సూఫీ గురువు బురాన్ సాహెబ్ దగ్గర చేరి చాలా ఏళ్ళయింది. రోజూ మధ్యాహ్నం తోటలో కాకర పందిరి కింద, మెత్తటి పచ్చిక మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. దేవుణ్ణి పిలుస్తాడు. పలికేవాళ్ళు లేరు.

"బాబా, నా పిలుపు ఎవరికీ అందడం లేదు. ఒక్కనాడైనా ఎవరూ రాలేదు" అన్నాడు ఒకరోజు.

గురువు కిటికీలోంచి తోటవైపు చూశాడు.

"ఆ పచ్చిక తీసెయ్. పెన్నలోంచి గులకరాళ్ళు తెచ్చి పరిచెయ్."

దస్తగిరి ప్రాణంలా పెంచిన పచ్చిక అది. అయినా పార అందుకున్నాడు. గడ్డిని వేళ్ళతో సహా తవ్వి తీశాడు. ఎండిన ఏట్లో రాళ్ళు ఏరి, తట్టలతో మోసి, గేటు నుంచి పందిరి కింద చివరిదాకా పరిచాడు. నడుము పట్టేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

పని అయిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, పందిరి కింద కూర్చున్నాడు. గాలి లేదు. పిట్ట కూడా అరవడం లేదు.

గేటు దగ్గర రాళ్ళు కరకరమన్నాయి.

ఎవరో నడిచి వస్తున్నారు. తొందర లేదు. దారి బాగా తెలిసిన నడక. దస్తగిరి కళ్ళు తెరిచాడు. దారి ఖాళీగా ఉంది. చప్పుడు మాత్రం దగ్గరికి వస్తూనే ఉంది. పక్కనుంచి సాగి, సరిగ్గా అతని వెనక ఆగింది. మనిషి నిలబడితే బరువుకు రాళ్ళు సర్దుకున్నట్టు చిన్న శబ్దం.

ఒక్క పరుగున వెళ్ళి గురువు గదిలో పడ్డాడు.

"బాబా, తోటలో ఏదో ఉంది. రాళ్ళు పరిచాక వస్తోంది."

"రాళ్ళు పరిచాక వస్తోందా, రాళ్ళు పరిచాక వినబడుతోందా?"

దస్తగిరి తోటవైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళూ తను కూర్చున్న పచ్చిక గుర్తొచ్చింది. దాని మీద ఎవరు నడిచినా వినబడదు.

మర్నాడు గురువే అతన్ని పందిరి కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. కొత్తగా సాగిన కాకర తీగ ఒకటి గుంజ అందక గాలిలో వేలాడుతోంది. దాని సన్నటి నులితీగను శిష్యుడి చూపుడువేలికి ఆనించాడు.

"ఇది పట్టుకునే దాకా కదలకు. కదిలితే తెగిపోతుంది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. అడుగులు వచ్చాయి. వెనకే ఆగాయి. మెడ మీద చల్లగా ఊపిరి తగిలినట్టయింది. లేచి పారిపోదామనుకున్నాడు దస్తగిరి. వేలి దగ్గర ఆ పచ్చటి పోగు అప్పుడే వంగడం మొదలుపెట్టింది. దాన్ని తెంపడానికి మనసొప్పలేదు. చెయ్యి కదపకుండా అలాగే కూర్చుండిపోయాడు.

పొద్దు వాలాక, నమాజు వేళకు గురువు వచ్చాడు. తీగ వేలికి గట్టిగా చుట్టుకుని ఉంది.

"వచ్చారా?"

"వచ్చారు."

"ఎవరు?"

"చూడలేదు, బాబా."

గురువు వంగి, నులితీగను మెల్లగా విప్పి గుంజకు అందించాడు.

"ఇదీ చూడలేదు. పట్టుకుంది" అన్నాడు.

ఇద్దరూ గేటువైపు నడిచారు. రాళ్ళ మీద గురువు అడుగులు, తన అడుగులు, వాటి వెనక ఇంకొకరి అడుగులు.

దస్తగిరి వెనక్కి తిరిగి చూడలేదు. నడక మాత్రం కాస్త నెమ్మది చేశాడు.